కృష్ణాతీరమున సైకిలు యాత్ర

పాలమూరు, నల్లగొండ సీమలలో సముద్రము లేదు. కాని వాని దక్షిణపుటంచున కొండల నొరసికొని పారు కృష్ణానదియే మనకు తీరము. ఈ తీరమున విహరింపగోరు సైకిలు యాత్రికులకు దారి చూపినవారు పూర్వపు శ్రీశైల యాత్రికులు.

శ్రీశైలమునకు పడమటి ద్వారము అలంపురము; ఉత్తర ద్వారము అచ్చంపేట చెంతనున్న ఉమామహేశ్వరము. నేటి రహదారి మన్ననూరు మీదుగా నల్లమల చొచ్చి, దోమలపెంట దాటి మలుపులు తిరుగుచు కృష్ణకు దిగును. సైకిలుపై ఎక్కుట కష్టము, దిగుట ప్రమాదము. రెంటను నిదానమే రక్ష. ఇది పులుల అభయారణ్యము గనుక పగటివేళనే సాగవలెను.

ఈ నది పాత రూపము మనకిక కానరాదు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడిచిరి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి నెలకొనిన లోయ జలాశయ గర్భమున చేరినది. పిదప శ్రీశైలము ఆనకట్ట కారణముగా, కృష్ణా తుంగభద్రల కూడలిలోని సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి అలంపురమున తిరిగి నిలిపిరి. పొలములకు నీరు వచ్చినది. తీరగ్రామములెన్నో తావు మారినవి.

మోటారులో పోవువారికి నీటి అందమే కనబడును. సైకిలు యాత్రికుడు ఊరూర దాహమునకు ఆగును. అచ్చటి పెద్దలను మునిగిన ఊరి పేరడిగి వ్రాసికొన్నచో, మన చరిత్రకు అంతకన్న మేలైన సేవ లేదు.