గేజి మార్పిడి దృశ్యాలు: 1892 నాటి పట్టాల పని, ఛాయాచిత్ర సాక్ష్యం, శ్రామిక చరిత్ర

ప్రవేశిక

రైల్వే చరిత్ర రచనకు ఛాయాచిత్రం తొలినాళ్ళ నుంచీ ఆధారంగా ఉంది. ఇంజన్లు, వంతెనలు, సొరంగాలు, ప్రారంభోత్సవాలు ఆ చిత్రాల్లో విరివిగా కనిపిస్తాయి. పట్టాలు తీసి, జరిపి, తిరిగి బిగించే పని మాత్రం అరుదుగా కనిపిస్తుంది. కారణం ఊహించలేనిది కాదు. వంతెన నిలిచి ఉండే కట్టడం. పట్టాల మార్పిడి కొన్ని గంటల్లో ముగిసిపోయే సంఘటన. అది రైళ్ళు ఆగిన వేళ, తరచు రాత్రిపూట, ఊళ్ళకు దూరంగా జరుగుతుంది. పని పూర్తయ్యాక చూపడానికి మిగిలేది మరో జత పట్టాలే. 1892 మే నెలలో ఇంగ్లండు నైరుతి ప్రాంతంలో గ్రేట్ వెస్టర్న్ రైల్వే జరిపిన చివరి గేజి మార్పిడి ఈ తీరుకు మినహాయింపు. దాన్ని చూసినవారున్నారు, రాసినవారున్నారు, కెమెరాతో పట్టినవారున్నారు. ఆ చిత్రాలు శ్రామిక చరిత్రకు ఏ మేరకు సాక్ష్యమవుతాయో, తెలుగు నేలపై జరిగిన గేజి మార్పిడికి అటువంటి సాక్ష్యం ఎందుకు పలుచగా ఉందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

నేపథ్యం

ఇజంబార్డ్ కింగ్‌డమ్ బ్రునెల్ తన రైలుమార్గానికి 7 అడుగుల పావు అంగుళం వెడల్పు ఎంచుకున్నాడు. దేశంలోని తక్కిన మార్గాలు అధికభాగం 4 అడుగుల 8½ అంగుళాలవి. రెండు గేజిలు కలిసే చోట సరుకులను ఒక బండి నుంచి మరో బండికి ఎక్కించవలసి వచ్చేది. 1845లో నియమితమైన గేజి కమిషన్, 1846 నాటి చట్టం తర్వాత బ్రునెల్ గేజి విస్తరణకు భవిష్యత్తు లేదని తేలింది. అయినా అది పూర్తిగా పోవడానికి మరో 46 ఏళ్ళు పట్టింది. 1872లో దక్షిణ వేల్స్ మార్గాలను మార్చారు. ఎక్సిటర్‌కు పశ్చిమాన, డెవన్, కార్న్‌వాల్ ప్రాంతాల్లో మిగిలిన సుమారు 171 మైళ్ళ మార్గం చివరిది.

రెండు రోజుల పని

1892 మే 20, శుక్రవారం నాడు లండన్‌లోని ప్యాడింగ్టన్ నుంచి చివరి బ్రాడ్ గేజి రైళ్ళు బయలుదేరాయి. శని, ఆదివారాల్లో పట్టాలు జరిపారు. 23వ తేదీ సోమవారం కొత్త గేజిపై రాకపోకలు మొదలయ్యాయి. ఈ వేగం రైల్వే సాహిత్యంలో ఒక వీరగాథ వలె పదేపదే చెప్పబడింది. కాని దాని వెనుక ఉన్నది ముందస్తు తయారీ. బ్రునెల్ పద్ధతిలో పట్టా కింద అడ్డ స్లీపర్లు ఉండవు; పట్టా పొడవునా నిలువు దుంగ ఉంటుంది. రెండు దుంగలు ఎడంగా నిలిచేందుకు మధ్య మధ్య అడ్డదూలాలు ఉంటాయి. గేజి తగ్గించాలంటే అడ్డదూలాన్ని కోసి పొట్టి చేసి, ఒక వైపు దుంగను పట్టాతో సహా లోపలికి నెట్టాలి. జరగవలసిన దూరం 2 అడుగుల 3¾ అంగుళాలు. అందుకోసం వారాల ముందే కంకర తొలగించారు, కొన్ని దూలాలు కోసి ఉంచారు, మిగిలినవాటిపై కోత గుర్తులు వేశారు. అడ్డ స్లీపర్లున్న చోట కొత్త స్థానాలను ముందుగానే సిద్ధం చేశారు. వంపుల్లో మరో చిక్కు ఉంది. బయటి పట్టా లోపలికి జరిగితే దాని పొడవు ఎక్కువవుతుంది. ఆ మేరకు కోయాలి. కార్న్‌వాల్ మార్గం నిండా వంపులే.

సుమారు 4,200 మంది ఈ పనిలో పాల్గొన్నారు. అంటే మైలుకు దాదాపు 25 మంది. వారిలో ఎక్కువమందిని కంపెనీ ఇతర డివిజన్ల నుంచి ప్రత్యేక రైళ్ళలో తరలించింది. వారు గూడ్సు షెడ్లలో, స్టేషన్లలో, గుడారాల్లో పడుకున్నారు. తిండి ఎవరిది వారు తెచ్చుకున్నారు. కంపెనీ సమకూర్చినది ఓట్ల పిండి, చక్కెర కలిపిన పానీయం. తెలుగు పాఠకుడు దాన్ని పొలం పనికి మోసుకుపోయే అంబలితో పోల్చుకోవచ్చు. మద్యం బదులు గంజిపోసి పని నడిపించడం వెనుక ఉన్న క్రమశిక్షణ దృష్టి గమనార్హం.

బ్రాడ్ గేజి ఇంజన్లను, పెట్టెలను స్విండన్‌కు చేర్చి, అందుకోసమే వేసిన సుమారు 15 మైళ్ళ సైడింగులలో నిలిపారు. వరుసలుగా నిలిచిన ఆ ఇంజన్ల చిత్రమే ఈ ఘట్టానికి ఈనాటికీ ప్రసిద్ధ ప్రతీక. పని చేసిన మనుషుల చిత్రాలు ఆ తర్వాతి స్థానానివి.

చూసినవారు, చిత్రించినవారు

మార్పిడి జరిగిన కాలం ఛాయాచిత్ర కళకు అనుకూలమైనది. తడి ప్లేటు పద్ధతిలో ఛాయాగ్రాహకుడు చీకటి గుడారాన్ని వెంట మోసుకుపోవలసి వచ్చేది. 1880ల నాటికి జెలటిన్ పొడి ప్లేట్లు ఆ భారాన్ని తొలగించాయి. తీరిక, డబ్బు ఉన్న ఔత్సాహికుడు ఇప్పుడు రైలుకట్ట పక్కన నిలబడగలడు. అటువంటివారిలో కార్న్‌వాల్‌లోని ఆల్టర్నన్ చర్చి మతగురువు రెవరెండ్ ఎ.హెచ్. మలాన్ ముఖ్యుడు. బ్రాడ్ గేజి చివరి సంవత్సరాల్లో ఇంజన్లను ఫొటోలు తీసి, ఇంగ్లిష్ ఇలస్ట్రేటెడ్ మ్యాగజైన్‌లో వాటి గురించి రాశాడు. ఆయన చూపు ఇంజనుపై ఉంది. అంతరించిపోయే ఒక అందాన్ని దాచుకోవాలన్న తపన అది. పంచ్ పత్రిక 1892లో బ్రాడ్ గేజి ఖననాన్ని వ్యంగ్యచిత్రంగా ప్రచురించినప్పుడు కూడా పట్టాల కూలీలకు సమాధి తవ్వేవారి పాత్రే దక్కింది. దుఃఖానికి పాత్రమైనది యంత్రం, కూలీ కాదు.

సాల్టాష్ పరిసరాల్లో తీసిన పని చిత్రాలు దీనికి భిన్నం. వాటిలో గునపాలు పట్టుకున్న మనుషులు పట్టాల పొడవునా వరుసలుగా ఉంటారు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. అటువంటి చిత్రాలను ‘పని జరుగుతున్న దృశ్యం’ అని యథాతథంగా స్వీకరించకూడదు. గుంపుగా ఉన్న మనుషులు స్పష్టంగా పడాలంటే కాసేపు కదలకుండా నిలవడం మేలు. అందుచేత చిత్రం చూపేది తరచు పని ఆపిన క్షణాన్ని. కెమెరా వైపు తిరిగిన ముఖాలే అందుకు నిదర్శనం. అయినప్పటికీ లిఖిత ఆధారాలు ఇవ్వని సమాచారం వాటిలో ఉంది. ఒక దుంగకు ఎంతమంది పట్టేవారు, పనిముట్లు ఏవి, పర్యవేక్షకుడు ఎక్కడ నిలబడేవాడు, అతని టోపీకి కూలీ టోపీకి తేడా ఏమిటి అన్న విషయాలు కంపెనీ ఉత్తర్వుల్లో దొరకవు. కూలీల పేర్లు మాత్రం చిత్రంలోనూ, దాని కింది వాక్యంలోనూ దొరకవు.

దక్కను నేలపై

భారతదేశంలో 5 అడుగుల 6 అంగుళాల గేజితో మొదలైన మార్గాలకు 1870 దశకంలో ఖర్చు తగ్గించే పేరుతో మీటర్ గేజి తోడైంది. నిజాం రాజ్యంలో ఈ రెండూ పక్కపక్కనే పెరిగాయి: 1874లో వాడి-సికిందరాబాదు బ్రాడ్ గేజి మార్గం, శతాబ్దం చివర హైదరాబాదు-మన్మాడ్ మీటర్ గేజి మార్గం. బ్రునెల్ గేజి అంతరించిన సరిగ్గా నూరేళ్ళకు, 1992లో, భారత రైల్వేలు ఏకగేజి పథకాన్ని చేపట్టాయి. సికిందరాబాదు-మహబూబ్‌నగర్-ద్రోణాచలం మార్గం ఆ దశాబ్దంలోనే మారింది.

రెండు మార్పిడులనూ ఒకే గాటన కట్టడం మాత్రం పొరపాటు. ఇంగ్లండులో గేజి తగ్గింది. పాత కట్ట, పాత వంతెనలు చాలినంత ఉన్నాయి. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో 1886లో సుమారు 11,500 మైళ్ళ మార్గాన్ని రెండు రోజుల్లో మార్చగలగడానికీ ఇదే కారణం: ఒక పట్టాను 3 అంగుళాలు లోపలికి జరిపితే చాలింది. దక్కనులో గేజి పెరిగింది. అందువల్ల కట్ట వెడల్పు చేయాలి, వంతెనలు బలపరచాలి, స్లీపర్లన్నీ మార్చాలి. పని రోజుల్లో కాక నెలల్లో సాగింది. ‘చివరి రెండు రోజులు’ అన్న నాటకీయ ఘట్టం లేని చోట కెమెరాకు పిలుపు కూడా ఉండదు.

చట్టం మరో అడ్డంకి. 1923 నాటి అధికార రహస్యాల చట్టం రైలుమార్గాలను సైతం నిషిద్ధ ప్రదేశాలుగా ప్రకటించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. రైల్వే ఆవరణలో ఫొటో తీయాలంటే ముందు అనుమతి పొందాలన్న పద్ధతి దశాబ్దాల పాటు సాగింది. ఆ అనుమతి సంపాదించుకునే ఓపిక విదేశీ ఆవిరి ఇంజన్ల అభిమానులకు ఉన్నంతగా స్థానికులకు లేకపోవడంలో వింత లేదు. వారి చూపు కూడా, మలాన్ చూపు వలె, ఇంజనుపైనే నిలిచింది.

ఈ లోటు తెలుగు ప్రాంతానికి మరింత భారమైనది. రైలుకట్టల మట్టిపనిలో, రాతిపనిలో తెలుగు మాట్లాడే వడ్డెరల పాత్రను పందొమ్మిదో శతాబ్దపు ఇంజనీర్లే నమోదు చేశారు; అయాన్ కెర్ 1995లో వెలువరించిన గ్రంథం, భారత రైల్వేల నిర్మాణంలో కూలీల చరిత్ర, ఆ ముఠాల సంచార జీవితాన్ని చర్చించింది. ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఆ వలసకు మరో శాఖ. గ్యాంగ్‌మన్, కీమన్, మేస్త్రీ అన్న మాటలు మన పల్లెల్లో ఇంటిపేర్లంతగా వాడుకలో ఉన్నా, వారి పని చిత్రాలు సంస్థాగత భాండాగారాల్లో విడిగా జాబితా కాలేదు. ఉన్నవి ఎక్కువగా పదవీ విరమణ నాటి పూలదండల చిత్రాలు, స్టూడియోలో కుటుంబంతో దిగినవి, సెక్షన్ ఇంజనీరు కుర్చీలో కూర్చోగా వెనుక గ్యాంగు నిలబడ్డ సామూహిక చిత్రాలు. సాల్టాష్ చిత్రాల్లో లేని పేర్లు వీటిలో ఉన్నాయి: వెనుక వైపు పెన్సిలుతో, కొన్నిసార్లు మనుమడి చేతిరాతలో.