చెరకు తీపి, మిరియం మంట

ఓక్ పీపాల్లో ఏళ్ల తరబడి మాగిన రమ్మును గుక్క తీసుకుంటే ముందు బెల్లపు పాకం వాసన తగులుతుంది. మింగాక గొంతులో మిరియం నమిలినట్టు మంట నిలుస్తుంది. ఒక్క మిరియపు గింజ వేయకపోయినా ఆ ఘాటు వస్తుంది. చెక్కలోంచి దిగిన వగరు, లవంగపు వాసననిచ్చే యూజినాల్ కొంత కారణం. ఆల్కహాల్ పని కూడా ఉంది: మిరియంలోని పైపరిన్ నోట్లో ఏ నరాలను రేపుతుందో, అదీ వాటినే రేపుతుంది.

తీపి వెనకే కారం రావాలన్న కోరిక ఈ దేశంలో రమ్ముకన్నా చాలా పాతది. మైరేయం అనే మద్యం ఎలా చేయాలో కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఉంది. మేషశృంగి బెరడు కషాయంలో బెల్లం కలిపి, పిప్పళ్ల పొడి, మిరియాల పొడి చేర్చాలి. బెల్లంతో చేసిన సురను మనుస్మృతి గౌడి అంది, ద్విజోత్తములు తాగకూడదనీ అంది. నిషేధం కూడా అంత పాతదే.

ఆ రుచి ఆయుర్వేద వైద్యుల చేతుల్లో ఇప్పటికీ బతికే ఉంది. పిప్పల్యాసవంలో పిప్పళ్లు, మిరియాలు, బెల్లం, ధాతకీ పూలు పడతాయి. పాత పద్ధతిలో కుండ మూతికి గుడ్డ కట్టి, మట్టి మెత్తి, దాదాపు నెల రోజులు కదపకుండా ఉంచుతారు. పులియడానికి ధాతకీ పూలు సాయపడతాయి. ఆల్కహాల్ లోపల దానంతటదే పుడుతుంది, బట్టీ పెట్టరు. వడగట్టిన ముదురు రంగు ఆసవాన్ని చెంచాడు పుచ్చుకుంటే తీపి, వగరు, ఆఖరున నాలుక మొదట్లో పిప్పలి చురుకు. తిరుపతిలో టీటీడీ నడిపే ఆయుర్వేద కళాశాల విద్యార్థులకు ఆసవాలు, అరిష్టాలు పాఠాల్లో భాగం.

అలిపిరి దాటి కొండెక్కితే అదే జోడీ మత్తు లేకుండా కనిపిస్తుంది. తిరుమల శాసనాల్లో నైవేద్యాలకు ఇవ్వాల్సిన సంబారాల లెక్కలుంటాయి: బియ్యం, నెయ్యి, పెసరపప్పు, బెల్లం, ఉప్పు, మిరియాలు. మిరపకాయ పోర్చుగీసువారి ఓడల వెంట వచ్చేదాకా ఇక్కడి వంటకు ఘాటు మిరియం, పిప్పలి, శొంఠి ఇచ్చినదే. శ్రీరామనవమి పానకంలో బెల్లం, మిరియాలు ఇప్పటికీ విడిపోలేదు. రమ్ము రసికులు వెతుక్కునే ముగింపు, ఆ రోజు పందిట్లో పిల్లల చేతి గ్లాసులోనూ ఉంటుంది.

కొండ కింద కథ వేరు. చెరకు పండి, గానుగలాడి, పెనాల మీద బెల్లం కాగే చిత్తూరు జిల్లాలో సారాయికి ముడిసరుకు ఇంటి పక్కనే దొరికేది. బెల్లం ఊటలో తుమ్మచెక్క వేసి కాచిన సారాయికి మాగే తీరిక ఎక్కడిది? పొద్దున దిగినది రాత్రికే ఖాళీ. ఆ మంట వయసు వల్ల వచ్చినది కాదు, తొందర వల్ల వచ్చినది.

మద్రాసు ప్రెసిడెన్సీలో రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. అంటే దేశంలో మొదట ‘పొడి’గా మారిన జిల్లాల్లో చిత్తూరు ఒకటి. పోయిన అబ్కారీ రాబడిని పూడ్చుకోవడానికి 1939లో మద్రాసు ప్రభుత్వం సాధారణ అమ్మకపు పన్ను తెచ్చింది. ఇవాళ దుకాణంలో కట్టే పన్నుకు ఈ జిల్లా మద్యనిషేధంతో చుట్టరికం ఉందని చాలామందికి తెలియదు, తెలియాలి.

దశాబ్దాల తర్వాత, నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారాయి మీద లేచాక, ఆంధ్రప్రదేశ్‌లో 1993 అక్టోబరు 1న సారాయి అమ్మకాన్ని నిషేధించారు. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. 1997లో దాన్ని సడలించారు. సారాయి దుకాణాలు పోయినా దొంగ బట్టీలు పోలేదు.

వాటి దెబ్బ బెల్లం రైతు మీదా పడింది. నేల గుణం వల్లో, రసాన్ని తెల్లబరిచే హైడ్రోస్ వేయకపోవడం వల్లో నల్లగా వచ్చిన బెల్లాన్ని ఎక్సైజు వాళ్లు సారాయి సరుకుగా అనుమానిస్తారు. రసాయనంతో మెరిసే పసుపు బెల్లం మాత్రం మార్కెట్టు యార్డులో మంచి ధరకే పోతుంది.