ఇంటిగుట్టు – కార్డుముక్క

ఇంటిగుట్టు లంకకు చేటని మన పెద్దల మాట. ఆ గుట్టునకు తొలి పరీక్ష పెట్టినది పోస్టుకార్డు. 1869లో ఆస్ట్రియా-హంగేరీలో పుట్టి, 1879 జూలై 1న మన దేశమునకు వచ్చినది. వెల పావు అణా. కవరు లేదు, దారిలో ఎవ్వరైనను చదువవచ్చును. చదువురాని ఇంట మరియొకరు చదివి వినిపింపవలసినదే. అయినను జనులు దానిని ఆదరించిరి. క్షేమసమాచారము కార్డుపై వ్రాసి, అప్పుల సంగతి, ఇంటి కలతలు కవరులో పెట్టెడివారు. శుభవార్తయైనచో అంచులకు పసుపు పూసెడివారు.

కవరునకును పూర్తి కాపు లేదు. 1898 నాటి తపాలా చట్టము ప్రజాభద్రత పేర ఉత్తరములను అడ్డగించు అధికారమును ప్రభుత్వమునకిచ్చినది. దాని స్థానమున వచ్చిన 2023 చట్టమును ఆ అధికారమును నిలుపుకొన్నది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మండుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పినది.

నేటి చేతిఫోనులో కార్డేదో, కవరేదో కంటికి కానరాదు. అనాథలకు విరాళమని పిలిచి, బ్యాంకు పంపిన రహస్యసంఖ్యను అడుగువానికి దానిని చెప్పుట, ఇనుపపెట్టె తాళపుచెవి ఉన్న చోటును కార్డుపై వ్రాసి పంపుట వంటిదే. దానము చేయుదము, అయితే ఆ సంస్థ చిరునామాను మనమే విచారించి చేయుదము. ఏది ఎవరికి చెప్పవలెనన్న విచక్షణ పావు అణా కార్డు నాడే మన ఇండ్లలో ఉండెడిది. నేడును అది మనకు అవసరము.