ఉదరమర్దన: ఎవరికి, ఎంతవరకు?

మన ఇళ్లలో పసిబిడ్డ గుక్కపెట్టి ఏడుస్తుంటే పెద్దవాళ్లు ముందు పొట్ట తడిమి చూస్తారు. బిర్రుగా ఉంటే అరచేతికి ఆముదం రాసుకుని బొడ్డు చుట్టూ నెమ్మదిగా తిప్పుతారు. ఇంగువ అరగదీసి బొడ్డు చుట్టూ పట్టు వేస్తారు. కాళ్లు మడిచి మోకాళ్లను పొట్టకు ఆనిస్తారు. గాలి పోయి బిడ్డ ఊరుకుంటే ఆ చేతికి మంచి పేరు వస్తుంది. పెద్దల విషయంలోనూ మలబద్ధకం, ఉబ్బరం, అజీర్తి, కడుపునొప్పి అన్నిటికీ పొట్ట మర్దన పనిచేస్తుందన్న మాట ఇప్పుడు అన్నివైపులా వినిపిస్తోంది. గత మూడు దశాబ్దాల ప్రయోగ ఫలితాలను దగ్గర పెట్టుకుని చూస్తే అంత పెద్ద వాదం నిలవదు. నిలిచేది ఇంతే: దీర్ఘకాలిక మలబద్ధకం ఉన్నవాళ్లకు, ముఖ్యంగా నరాలు దెబ్బతిని పేగు మందగించినవాళ్లకు, మిగతా వైద్యానికి తోడుగా మర్దన కొంత ఉపశమనం ఇవ్వగలదు. ఆ హద్దులు ఎక్కడున్నాయో చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ హద్దు గురించిన స్పృహ పాతదే. వాగ్భటుడి అష్టాంగహృదయం అభ్యంగనాన్ని నిత్యం చేయమని చెబుతూనే, అజీర్ణంతో ఉన్నవాళ్లకూ, అప్పుడే శోధన చికిత్స జరిగినవాళ్లకూ, కఫం ప్రకోపించినవాళ్లకూ వద్దంటుంది. ఆయుర్వేదం పేరు చెప్పి అజీర్తికి నూనె మర్దన సిఫారసు చేసేవాళ్లు ఈ నిషేధాన్ని దాటేస్తున్నారు. మర్దనను మలబద్ధకానికి ప్రత్యేక చికిత్సగా తీర్చిదిద్దింది ఎక్కువగా 19వ శతాబ్దపు పాశ్చాత్య వైద్యులు. అమెరికాలోని బాటిల్ క్రీక్ శానిటోరియం నడిపిన జాన్ హార్వే కెల్లాగ్ 1895లో మర్దన కళ మీద ఒక పుస్తకమే రాశాడు. పొట్టను పిసికే యంత్రాలను కూడా తన రోగులకు వాడాడు. దాదాపు అదే కాలంలో, 1894లో, జర్మన్ ప్రకృతి వైద్యుడు లూయీ కూనే గ్రంథం ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మ చేతి మీదుగా తెలుగులోకి వచ్చింది. రోగానికి మూలం పొట్టలోనే ఉందన్న భావన మన ప్రకృతి చికిత్సాలయాల్లో అంత గట్టిగా పాతుకుపోవడంలో ఈ ధారకు పెద్ద వాటా ఉంది.

పేగుకు ఏమవుతుంది?

1899లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు ఆంగ్ల శాస్త్రజ్ఞులు కుక్క పేగు మీద ప్రయోగాలు చేసి ఒక సూత్రం చెప్పారు. పేగులో ఒకచోట ప్రేరణ కలిగితే దానికి పైనున్న భాగం బిగుసుకుంటుంది, కిందున్న భాగం వదులవుతుంది. ఈ పని పేగు గోడలోనే ఉన్న నరాల వల నడిపిస్తుంది. మెదడు నుంచి ఆజ్ఞ రానక్కరలేదు. పేగు గోడ సాగినప్పుడు లోపలి పొరలోని కణాలు సెరటోనిన్ విడుదల చేసి ఈ వలను మేల్కొలుపుతాయని తర్వాత తేలింది. బయటినుంచి నొక్కిన చెయ్యి కూడా పేగును కొంత సాగదీస్తుంది గనుక ఇదే ప్రతిస్పందన వస్తుందనీ, దాంతోపాటు పారాసింపథెటిక్ నరాలు ఉత్తేజితమవుతాయనీ పరిశోధకుల ఊహ. ఊహ సబబే. కాని చెయ్యికీ పేగుకీ మధ్య చర్మం, కొవ్వు, కండరం ఉన్నాయి. బొజ్జ ఉన్న మనిషిలో ఆ ఒత్తిడి పేగు దాకా ఎంత చేరుతుందన్నది వేరే సంగతి.

మలాన్ని ముందుకు నెట్టే పెద్ద అలలు పెద్దపేగులో రోజుకు కొన్నిసార్లే పుడతాయి. అవీ ఎక్కువగా నిద్ర లేచాక, తిన్న తర్వాత. పొద్దున టిఫిన్ అయిన కాసేపటికి మర్దన చేయమని నేర్పడానికి కారణం ఇదే.

ప్రయోగాలు ఏం చెప్పాయి?

ఎడ్జార్డ్ ఎర్న్‌స్ట్ 1999లో అప్పటిదాకా జరిగిన నియంత్రిత ప్రయోగాలను గాలిస్తే నాలుగే దొరికాయి. ఆశ కలిగించేవే గాని వాటి పద్ధతిలో లోపాలున్నాయని ఆయన తేల్చారు. 1992లో జర్మనీలో జరిగిన ఒక చిన్న ప్రయోగంలో పెద్దపేగు పనితీరులో మార్పేమీ కనిపించలేదు.

2006లో టర్కీ పరిశోధకులు వెన్నుపాము దెబ్బతిన్న 24 మందికి మామూలు విరేచన క్రమంతో పాటు మర్దన జోడించారు. మలం పెద్దపేగు దాటడానికి పట్టే సగటు సమయం సుమారు 90 గంటల నుంచి 72 గంటలకు దిగింది. పొట్ట ఉబ్బరం ఉన్నవాళ్లు 11 మంది నుంచి ముగ్గురికి తగ్గారు. ఈ ఫలితం చిన్నది కాదు. అయితే పోల్చి చూడటానికి మర్దన లేని రెండో బృందం లేదు. అదే మనుషులను ముందూ తర్వాతా కొలిచారు.

2009లో స్వీడన్‌లో లామోస్ బృందం చేసిన రాండమైజ్డ్ ట్రయల్ ఇంకా గట్టిది. మలబద్ధకం ఉన్న 60 మందిలో సగం మందికి విరేచనకారులతో పాటు 8 వారాలు మర్దన చేశారు, మిగతావాళ్లు మందులే వాడారు. మర్దన బృందంలో విరేచనాల సంఖ్య పెరిగింది, మలబద్ధకం, కడుపునొప్పి బాధలు తగ్గాయి. మందుల వాడకం మాత్రం తగ్గలేదు. మందు మానేయవచ్చని ఆశపెట్టి మర్దన అమ్మేవాళ్లకు ఈ ఒక్క ఫలితం చాలు జవాబు.

అన్నిటికన్నా పెద్ద పరీక్ష 2018లో వెలువడింది. గ్లాస్గో కలెడోనియన్ విశ్వవిద్యాలయానికి చెందిన డోరీన్ మెక్‌క్లర్గ్ నాయకత్వంలో, బ్రిటన్‌లో మల్టిపుల్ స్క్లిరోసిస్ ఉన్న సుమారు 190 మందిని రెండు బృందాలు చేశారు. విరేచనం గురించిన సలహాలు అందరికీ ఇచ్చారు. ఒక బృందానికి రోజూ పది నిమిషాల మర్దన నేర్పి ఆరు వారాలు చేయించారు. 24వ వారంలో ప్రధాన కొలమానంలో రెండు బృందాల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వారానికి ఎన్నిసార్లు విరేచనమైంది, పూర్తిగా ఖాళీ అయిన భావన ఎన్నిసార్లు కలిగింది అన్న రెండో వరుస కొలతల్లో మాత్రం కొంత మేలు కనిపించింది.

ఈ ఫలితాలు ఒకదాన్నొకటి కొట్టేస్తున్నాయని కొందరంటారు. నాకు అలా అనిపించదు. మలబద్ధకం ఒకే జబ్బు కాదు. కొందరిలో పేగు కదలికే మందం. మరికొందరిలో మలం కింది దాకా వచ్చినా, ముక్కేటప్పుడు వదులు కావలసిన కటి కండరాలు బిగుసుకుంటాయి. ఈ రెండో రకానికి బయోఫీడ్‌బ్యాక్ శిక్షణ కావాలి. పొట్ట ఎంత తోమినా మూసుకున్న ద్వారం తెరుచుకోదు. రెండు రకాల రోగులను ఒకే బృందంలో కలిపితే సగటులో మేలు పలచబడి పోవడం సహజం. పైగా మర్దనకు ఉత్తుత్తి మర్దన పెట్టడం కష్టం. రోజూ పావుగంట పక్కన కూర్చుని ఒకరు పొట్టమీద చెయ్యి వేసి పలకరిస్తే కలిగే ఊరటను, పేగుకు కలిగిన మేలును విడదీసే పద్ధతి ఇంకా సరిగా కుదరలేదు.

చేసే తీరు

రోగి మూత్రవిసర్జన చేసి వచ్చి వెల్లకిలా పడుకోవాలి. మోకాళ్ల కింద దిండు పెడితే పొట్ట కండరాలు వదులవుతాయి. చేతులు వెచ్చగా ఉండాలి. చల్లటి చెయ్యి తగిలితే పొట్ట బిగుసుకుంటుంది. ముందు పైపైన నిమురుతారు. తర్వాత కుడి తొంటి ఎముక దగ్గర మొదలుపెట్టి పైకి పక్కటెముకల దాకా, అక్కడినుంచి అడ్డంగా ఎడమకు, ఆపైన కిందికి ఎడమ తొంటి దాకా అరచేత్తో ఒత్తుతూ పోతారు. పెద్దపేగు పోయే దారి ఇదే. అదే దారిలో వేళ్ల పిడికిలితో పిసికి, చివర అరచేత్తో సన్నగా కంపింపజేసి ముగిస్తారు. దారి చివర ముందు ఖాళీ కావాలన్న ఆలోచనతో ఎడమ పక్కనుంచి మొదలుపెట్టేవాళ్లూ ఉన్నారు. నొప్పి పుట్టిందంటే ఒత్తిడి ఎక్కువైనట్టే.

కొందరి పొట్టమీద అసలు చెయ్యి వేయకూడదు. పేగు అడ్డుపడినవాళ్లు, అపెండిసైటిస్ అనుమానం ఉన్నవాళ్లు, ఈమధ్యే పొట్ట ఆపరేషన్ అయినవాళ్లు, హెర్నియా లేదా బృహద్ధమని ఉబ్బు ఉన్నవాళ్లు, పేగు వాపు జబ్బు ముదిరినవాళ్లు, గర్భిణులు ఈ కోవలోకి వస్తారు. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, వాంతులతో కూడిన ఉబ్బరం కనిపిస్తే పోవలసింది డాక్టరు దగ్గరికి. పల్లెల్లో కడుపునొప్పి రాగానే పేగు జరిగిందని గట్టిగా పిసికించుకునే అలవాటు ఇంకా పోలేదు. అపెండిక్స్ పగలబోతున్న పొట్టను అలా పిసకడం ప్రాణం మీదికి తెస్తుంది. ఈ సంగతి ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి చెప్పాలి.

పక్షవాతం, వెన్నుపాము గాయం, పార్కిన్సన్స్ వల్ల మంచానపడినవాళ్ల వైపు నుంచి ఆలోచిస్తే ఈ చికిత్స విలువ తెలుస్తుంది. వాళ్లకు విరేచనం రోజూ ఒక గండం. ఎనిమా పెట్టడానికీ, శుభ్రం చేయడానికీ భార్యో కూతురో కోడలో నిలబడాలి. రోగి సిగ్గుతో తిండి తగ్గించుకుంటాడు. వారానికి ఒకసారి ఎక్కువగా సుఖ విరేచనమైనా ఆ ఇంట్లో అది లెక్కలోకి వస్తుంది. బ్రిటన్ ప్రయోగంలో ప్రధాన కొలమానానికి అందని మేలు ఇలాంటి ఇంట్లో అందవచ్చునని నా అభిప్రాయం. మన ఆసుపత్రుల్లో రోగి పక్కన ఇంటిమనిషి ఎప్పుడూ ఉంటారు. డిశ్చార్జికి ముందు ఫిజియోథెరపిస్టు ఆ మనిషికి పది నిమిషాల మర్దన నేర్పడానికి ఖర్చు దాదాపు లేదు. తెలుగు రాష్ట్రాల వైద్య కళాశాలలు పూనుకోవలసిన ప్రయోగం ఇదే. పేగు కదలిక మందగించినవాళ్లను మాత్రమే ఎంపిక చేయాలి. రెండో బృందానికి అంతే సేపు అరచేతులకు మర్దన చేయించాలి. విరేచనాల సంఖ్యతో పాటు ఎనిమా ఎన్నిసార్లు పెట్టవలసి వచ్చిందో, ఇంటిమనిషికి రోజుకు ఎంత సమయం పట్టిందో కనీసం మూడు నెలలు రాయించాలి.