జైతూన్ నగరపు రాళ్ళు

విద్య కోసం చైనా దాకా అయినా వెళ్ళమన్న మాట మన ఇళ్ళలో వినని వారుండరు. అది నిజంగా ప్రవక్తగారి (స.అ.స.) నోటి మాటేనా అన్న విషయంలో హదీసు పండితులలో చాలామందికి సందేహమున్నది. ఆ చర్చ ఉలేమాలకే వదిలేద్దాం. చరిత్ర చెప్పే మాట మాత్రం ఒకటుంది. విద్య కోసం ఎందరు వెళ్ళారో గాని, వర్తకం కోసం వేలమంది ముస్లిములు చైనా వెళ్ళారు. అక్కడ ఇళ్ళు కట్టుకున్నారు, మసీదులు కట్టుకున్నారు, అక్కడి మట్టిలోనే కలిసిపోయారు. అటువంటి ఊళ్ళలో ముఖ్యమైనది చైనా ఆగ్నేయ తీరాన ఫూజియన్ రాష్ట్రంలో ఉన్న చ్వాన్‌జౌ. అరబ్బులు దానికి పెట్టుకున్న పేరు జైతూన్.

జైతూన్ అంటే ఆలివ్ అని మనకు తెలుసు. కాని ఆ ఊళ్ళో ఆలివ్ చెట్టు ఒక్కటీ లేదని ఇబ్న్ బతూతా తన యాత్రా గ్రంథంలో స్పష్టంగా చెప్పాడు. మరి ఆ పేరెలా వచ్చింది? 10వ శతాబ్దిలో నగర ప్రాకారం పెంచినప్పుడు దాని చుట్టూ ఎర్రపూల ముళ్ళచెట్లు నాటించారట. మన పల్లెల్లో కంచెలకు వేసే బాడిద చెట్టు ఆ జాతిదే. చైనా భాషలో దాన్ని ‘త్సితోంగ్’ అంటారు. అరబ్బు నావికుల నోట ఆ ‘త్సితోంగ్’ కాస్తా ‘జైతూన్’ అయి కూర్చుంది. ఇంగ్లీషు వారు శాటిన్ అనే నున్నటి పట్టుబట్టకు ఆ పేరు కూడా ఈ ఊరి పేరు నుంచే వచ్చిందని అంటారు.

తోటల ఊరు

చైనా తోటలు అనగానే సూజౌ నగరంలోని విలాస వనాలు గుర్తుకొస్తాయి. చెరువులు తవ్వి, వింత వింత రాళ్ళు పేర్చి, వంతెనలు కట్టిన ధనవంతుల తోటలవి. చ్వాన్‌జౌ తోటలు వేరు. ఇక్కడివి పెరటి తోటలు, విహారపు తోటలు, సమాధుల తోటలు. 1345-46 ప్రాంతంలో ఓడ దిగిన ఇబ్న్ బతూతాకు మొదట కొట్టొచ్చినట్టు కనిపించింది ఇదే. ఇక్కడ ఒక్కొక్కరికీ ఒక తోట, ఆ తోట నడుమ ఇల్లు ఉంటుందనీ, అందుకే ఊళ్ళు అంత విశాలంగా ఉంటాయనీ రాశాడు. తన మొరాకో దేశంలోని సిజిల్‌మాసా పట్టణంతో దాన్ని పోల్చాడు. ఎక్కడికి పోయినా సొంత ఊరే గుర్తుకు రావడం బాటసారి లక్షణం కదా!

ఆ పరాయి ఊళ్ళో ఆయనకు తెలిసినవాళ్ళు కూడా ఎదురయ్యారు. హిందూదేశం వచ్చిన కొత్తలో ఆయన కొందరు వర్తకుల దగ్గర అప్పు చేశాడు. వారిలో తనతో అందరికంటె మంచిగా మెలగిన తబ్రీజ్ వాసి షరఫుద్దీన్ జైతూన్‌లో కనిపించాడు. ఈ వర్తకుడు ఖుర్ఆన్ కంఠస్థం చేసిన హాఫిజ్ కూడా. నగరంలో ముస్లిములకు వేరే పేట, ఒక ఖాజీ, ఒక షేఖు, ఒక ఖాన్‌ఖా ఉన్నాయి. హిందూదేశంలో అప్పిచ్చినవాడు చైనాలో పలకరించాడంటే ఆనాటి వర్తకపు దారులు ఎంత దూరం అల్లుకుని ఉండేవో ఊహించండి.

జంట పగోడాలు

ఊరి పడమటి వీధిలో కైయువాన్ బౌద్ధ విహారం ఉన్నది. క్రీ.శ. 686లో స్థాపించారు. ఆ స్థలం ఒకప్పుడు పట్టుపురుగుల కోసం పెంచిన మల్బరీ తోట. ఒక భిక్షువు ఆ స్థలం అడిగితే, నా మల్బరీ చెట్లు తామరపూలు పూస్తే ఇస్తానన్నాడట యజమాని. పూశాయి, ఇచ్చాడు. ఇది కథ. ఆనాటిదని చెప్పే ముసలి మల్బరీ చెట్టు ఇప్పటికీ ఆవరణలో ఉన్నది.

విహారానికి అటొకటి ఇటొకటి రెండు రాతి పగోడాలు. రెండూ ఎనిమిది పలకలవి, అయిదేసి అంతస్తులవి. తూర్పుది సుమారు 48 మీటర్లు, పడమటిది సుమారు 44 మీటర్లు. 9, 10 శతాబ్దాలలో మొదట కొయ్యతో కట్టారు, అవి కాలిపోయాయి. చివరకు పడమటిదాన్ని 1228-37 నడుమ, తూర్పుదాన్ని 1238-50 నడుమ రాతితో కట్టారు. కొయ్య దూలాలను వడ్రంగి ఎలా అతుకుతాడో ఆ రాళ్ళను అలా అతికారు. 1604లో ఆ తీరాన్ని పెద్ద భూకంపం కుదిపివేసినా అవి చలించలేదు. రేవుకు వచ్చే ఓడల వాళ్ళకు దూరం నుంచి ఊరి గుర్తు అవే.

విహారం వెనుక వైపున్న రెండు స్తంభాలు చూస్తే మనవాళ్ళు ఆశ్చర్యపోతారు. వాటి మీద నరసింహుడు, బాలకృష్ణుడు, గజేంద్రమోక్షం చెక్కి ఉన్నాయి. ఇవి ఆ ఊళ్ళోనే ఉండిన ఒక హిందూ దేవాలయపు రాళ్ళు. ఆ ఆలయానికి సంబంధించిన 1281 నాటి తమిళ శాసనం కూడా దొరికింది. అంటే కుబ్లాయ్ ఖాన్ రోజుల్లో బౌద్ధులు, ముస్లిములు, దక్షిణాది హిందూ వర్తకులు, క్రైస్తవులు, మానీ మతస్థులు ఆ ఒక్క ఊళ్ళో ఇరుగుపొరుగులుగా బతికారన్నమాట.

మన తెలుగు తీరానికీ ఈ ఊరికీ లంకె లేకపోలేదు. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారనీ, తాను న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోననీ దూరదేశాల వర్తకులకు మాట ఇచ్చాడు. ఆ సుంకాల పట్టీలో చీని కర్పూరం కూడా కనిపిస్తుంది. దాదాపు అర్ధ శతాబ్ది తరువాత జైతూన్ రేవులోనే ఓడ ఎక్కి స్వదేశానికి బయలుదేరిన మార్కోపోలో, ఒక రాణి న్యాయంగా ఏలుతున్న ‘ముత్ఫిలి’ దేశాన్ని గురించి రాశాడు. అది మోటుపల్లే, ఆ రాణి రుద్రమదేవే అని చరిత్రకారుల మాట.

పైకప్పు లేని మసీదు

తూమెన్ వీధిలో ఉన్నది ఇక్కడి ప్రాచీన మసీదు. ఇప్పుడు చింగ్‌జింగ్ మసీదు అంటున్నా, గోడ మీది అరబ్బీ శాసనంలో అస్హాబ్ మసీదు అని ఉన్నది. హిజ్రీ 400లో, అనగా క్రీ.శ. 1009-10లో కట్టారనీ, హిజ్రీ 710లో (1310-11) షీరాజ్‌కు చెందిన అహ్మద్ అనే ఆయన బాగు చేయించాడనీ ఆ శాసనమే చెబుతుంది. చైనాలో చాలా పాత మసీదులు అక్కడి దేవాలయాల మాదిరి కొయ్య స్తంభాలు, వంపు పెంకుల కప్పుతో ఉంటాయి. ఇది మాత్రం రాతి కట్టడం. సూదిమొన కమానుల ముఖద్వారం చూస్తే ఇరాన్‌లోనో అరబ్బు దేశంలోనో నిలబడ్డట్టుంటుంది.

లోపల నమాజు హాలుకు పైకప్పు లేదు. ఎప్పుడో కూలిపోయింది. నాలుగు గోడలు, కిటికీలు, స్తంభాల పునాది రాళ్ళు మిగిలాయి. గోడల మీద ఖుర్ఆన్ వాక్యాలు చెక్కినవి చెక్కినట్టే ఉన్నాయి. కింద గడ్డి, పైన ఆకాశం. పక్కన 17వ శతాబ్దిలో కట్టిన చిన్న హాలు పూర్తిగా చైనా ఇంటి తరహాలో ఉంటుంది. మసీదును ఆనుకునే చైనా వీరుడు గువాన్ యూ గుడి. అక్కడి అగరుధూపం గోడ దాటి వస్తుంది. మసీదులో మరో రాయి ఉన్నది. ముస్లిములను అధికారులు గాని ప్రజలు గాని వేధించరాదని 1407లో మింగ్ చక్రవర్తి యోంగ్‌లె ఇచ్చిన ఫర్మానా దాని మీద చెక్కారు.

ఊరికి తూర్పున లింగ్‌షాన్ గుట్ట మీద, చెట్ల నీడలో రెండు సమాధులున్నాయి. ప్రవక్తగారి సహచరులు ఇద్దరు 7వ శతాబ్ది తొలి పాదంలోనే వచ్చి ఇక్కడ కన్నుమూశారని స్థానిక విశ్వాసం. అంత ముందుకాలంలో రావడం సాధ్యమేనా అని చరిత్రకారులు సందేహిస్తారు. అయితే 1322 నాటికే ఆ సమాధులను పూజ్యమైనవిగా ఎంచి బాగు చేయించినట్టు అరబ్బీ శాసనం ఉన్నది. ముస్లిం కుటుంబంలో పుట్టిన నావికాధిపతి జెంగ్ హె హోర్ముజ్ వైపు ప్రయాణమవుతూ 1417లో ఇక్కడికి వచ్చినట్టు మరో రాయి చెబుతున్నది.

పెరిగిన చోటనే విరిగింది

అంతటి వైభవం ఎలా పోయింది? ఇది మనం తప్పించుకోకుండా చదవవలసిన భాగం.

13వ శతాబ్దిలో ఈ రేవు వర్తకం పూ షౌగెంగ్ అనే ముస్లిం ప్రముఖుని చేతిలో ఉండేది. ఆయన సోంగ్ చక్రవర్తుల కొలువులో పెద్ద అధికారి. మంగోలులు దండెత్తి రాగా 1276-77లో వారి పక్షం చేరిపోయాడు. ఊళ్ళో ఉన్న సోంగ్ రాజవంశీకులను వేలాదిగా చంపించాడు. వర్తకం నిలిచింది, లాభాలు పెరిగాయి. కాని ఆ నెత్తురు జనం మరచిపోలేదు.

1357లో ఊళ్ళోని పర్షియన్ దండు తిరుగుబాటు చేసింది. దాన్ని ఇస్పాహ్ తిరుగుబాటు అంటారు. ఆ మాట పర్షియన్ ‘సిపాహ్’ నుంచి వచ్చిందనీ, మన ‘సిపాయి’ కూడా ఆ మూలం నుంచే పుట్టిందనీ చెబుతారు. పదేళ్ళు ఆ ప్రాంతం నలిగిపోయింది. ముస్లిం నాయకులే ఒకరినొకరు చంపుకున్నారు. చివరికి 1366లో ప్రభుత్వ సేనలు ఊరిని పట్టుకున్నాక విదేశీయులను, వారి పోలికలున్నవారిని వెతికి చంపారు. కత్తి పట్టినవాడు, తస్బీహ్ పట్టినవాడు అన్న తేడా ఎవరు చూస్తారు? మసీదులు పోయాయి, సమాధులు పగిలాయి. బతికినవారు పల్లెలకు పారిపోయారు.

వారిలో చెన్‌దై గ్రామపు డింగ్ వంశం ఒకటి. ఆ ఇంటిపేరు పూర్వీకుని పేరు చివరి ‘దీన్’ నుంచి వచ్చిందంటారు. తరాలు గడిచేసరికి వారు నమాజు, రోజా చాలామటుకు మరచిపోయారు. అయినా పితరులకు పెట్టే ఆహారంలో పంది మాంసం మాత్రం పెట్టరు. ఎందుకని అడిగితే, మా పెద్దలు హుయీలు అంటారు. హుయీ అంటే చైనాలో ముస్లిం జాతి పేరు. 1979లో ప్రభుత్వం వారిని ఆ జాతిగా గుర్తించింది. నూటికి తొంభై పాళ్ళు మరచిపోయినా ఒక్క ఆచారం ఆరువందల ఏళ్ళు నిలిచింది.

ఒక బడిపంతులు చేసిన పని

ఇక రాళ్ళ సంగతి. పగిలిన సమాధుల రాళ్ళను నగర ప్రాకారం మరమ్మతుల్లో వాడేశారు. 1920ల నుంచి రోడ్ల కోసం ఆ గోడ పడగొట్టడం మొదలుపెట్టగా, లోపలి నుంచి అరబ్బీ అక్షరాల రాళ్ళు బయటపడ్డాయి. కొన్ని మళ్ళీ పునాదుల్లోకి పోయాయి. వాటి వెంటబడినవాడు వూ వెన్‌లియాంగ్. రాజు కాడు, నవాబు కాడు, జీవశాస్త్రం చెప్పే బడిపంతులు. వీధి వీధి తిరిగి, తన సంపాదనలోంచి ఖర్చు పెట్టి రాళ్ళు సేకరించాడు. ఇస్లాం రాయి, క్రైస్తవ రాయి, హిందూ రాయి అని తేడా చూడలేదు. తరువాత వాటిని ప్రభుత్వానికి అప్పగించాడు. 1957లో వాటన్నిటినీ వర్ణిస్తూ పుస్తకం ప్రచురించాడు. 1959లో ఏర్పడిన సముద్రయాన మ్యూజియంలో ఇప్పుడు ఆ రాళ్ళను చూడవచ్చు.

వాటి మీద ఏముంది? పేరు, తండ్రి పేరు, హిజ్రీ తేదీ, సొంత ఊరు: ఇస్ఫహాన్, తబ్రీజ్, షీరాజ్, హమదాన్. పరదేశంలో కన్నుమూసినవాడు షహీదుతో సమానమన్న భావం ఎన్నో రాళ్ళ మీద కనిపిస్తుంది. ఇల్లు విడిచి వేల మైళ్ళు పోయినవారికి అదే ఓదార్పు. ఆ పంతులే లేకపోతే ఈ పేర్లలో చాలా పేర్లు మనకు తెలిసేవి కావు.

1974లో ఆ తీరాన హౌజూ అఖాతపు బురదలో సోంగ్ కాలపు ఓడ ఒకటి బయటపడింది. మిగిలిన భాగమే 24 మీటర్ల పొడుగు. 13 అరలు. అందులో మిరియాలు, సాంబ్రాణి, గంధపు చెక్కలు వగైరా సుగంధ ద్రవ్యాలు సుమారు 2,300 కిలోలు దొరికాయి. 2021లో యునెస్కో ఈ నగరంలోని, చుట్టుపక్కల ఉన్న 22 చోట్లను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పగోడాలు, మసీదు, లింగ్‌షాన్ సమాధులు అన్నీ అందులో ఉన్నాయి.

సోదర సోదరీమణులారా! ఇది దూరదేశపు కథ. కాని మన ఊళ్ళ ఖబరస్తాన్‌లలోకి ఒకసారి వెళ్ళి చూడండి. పాత రాళ్ళ మీద ఫార్సీలో, అరబ్బీలో పేర్లున్నాయి. కొన్ని మట్టిలో కూరుకుపోయాయి, కొన్ని మెట్లకు, కొన్ని బట్టలుతికే బండలకు పోయాయి. చదవగలిగిన పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. మన మసీదుల వక్ఫు కాగితాలు ఎవరి పెట్టెలో చెద పడుతున్నాయో మనకే తెలియదు. దీనికి లక్షలు అక్కరలేదు. ఒక నోటు పుస్తకం, ఒక ఫొటో, చదవగల ఒక మౌల్వీ సాబ్, ఓపిక గల ఇద్దరు కుర్రవాళ్ళు చాలు. మన సంఘం ఈ ఏడు ఒక్క ఖబరస్తాన్‌తో మొదలుపెట్టినా, వచ్చే సంచికలో ఆ పేర్లు అచ్చు వేసుకోవచ్చు. పక్కింటి హిందూ సోదరుల పాత శాసనం కనబడితే అదీ రాసుకుందాం. ఆ పంతులు చేసింది అదే.

అల్లాహ్ మనకు ఆ ఓపికను, ఆ ఐకమత్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.