గంజీఫా చీట్లలోని జాతులును వృత్తులును

ఆట చిన్నదియైనను, అందలి బొమ్మలు తమనాటి సంఘమును పట్టి చూపును. చదరంగమున రాజు, మంత్రి, గజము, తురగము, బంటు గలరు. వైకుంఠపాళిలో నిచ్చెనలు పుణ్యమునకును, పాములు పాపమునకును గుర్తులు. ఎవరు పైన నుండవలెను, ఎవరు క్రింద నుండవలెను, ఎవరికెంత బలముండవలెను అను నిర్ణయములు ఆటను కూర్చినవాని చేతిలోనివి. ఆట మరల కూర్పబడినప్పుడెల్ల ఈ నిర్ణయములును మారును. మన దేశమున దీనికి గంజీఫాకన్న మంచి దృష్టాంతము లేదని మా తలంపు.

గంజీఫా గుండ్రని చీట్లతో నాడు ఆట. పేరు పారసీక దేశమునుండి వచ్చినది. 1527వ సంవత్సరమున బాబరు చక్రవర్తి సింధు దేశపు షా హుసేనునకు గంజీఫా చీట్లు పంపినట్లు తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. ధనవంతుల చీట్లు ఏనుగు దంతముతోను, తాబేటి చిప్పతోను చేయబడుచుండెను. సామాన్యుల చీట్లకు గుడ్డయే ఆధారము. ఒరిస్సాలో నేటికిని పాతగుడ్డను పొరలుపొరలుగా చింతగింజల జిగురుతో నంటించి, సుద్దపూసి, నునుపుచేసి, గుండ్రముగా కత్తిరించి, దానిపై బొమ్మలు వ్రాయుదురు. నేతవారమైన మనము ఈ సంగతిని గుర్తుంచుకొనదగును.

అక్బరు ఆస్థానమున అబుల్ ఫజల్ రచించిన అయినీ అక్బరీలో ఈ ఆటకు సంబంధించిన వివరమున్నది. పూర్వపు కూర్పులో పండ్రెండు వర్గములు, వర్గమునకు పండ్రెండు చీట్లు, మొత్తము 144. ప్రతి వర్గమునకు ఒక రాజు, ఒక మంత్రి, వారి క్రింద పది చీట్లు. అశ్వపతి ఢిల్లీ ప్రభువు, గజపతి ఒరిస్సా ప్రభువు, నరపతి బిజాపుర ప్రభువు. ఈ మూడు బిరుదులును తెలుగువారికి క్రొత్తవి కావు. గజపతులతో శ్రీకృష్ణదేవరాయలు చేసిన యుద్ధములు మనకు తెలిసినవే. నరపతి యనగా మనవారికి విజయనగర ప్రభువే. 1565లో తళ్లికోట యుద్ధము జరిగి విజయనగరము పాడువడిన పిమ్మట, ఉత్తరదేశపు గ్రంథమున ఆ బిరుదు బిజాపురమునకు చెప్పబడినది. సింహాసనము పోయినను చీటి నిలిచినది. దానిపై కూర్చున్నవాడు మాత్రము మారెను.

ఆ పండ్రెండింటిలో మనుష్యులే కాక దేవతలకు సురపతి, అసురులకు అసురపతి, అడవి మృగములకు వనపతి, సర్పములకు అహిపతి యను వర్గములు గలవు. అసురుల వర్గమునకు రాజుగా దావీదు కుమారుడైన సులేమానును చిత్రించిరి. భూతములు ఆయనకు లోబడియుండెనని పశ్చిమదేశపు కథలు చెప్పును గదా! మన అసురులకు వారి సులేమాను ప్రభువగుట ఈ ఆటలోనే సాధ్యమైనది. అశ్వపతి మొదలు దళపతి వరకు గల మొదటి ఆరు వర్గములకు నిండు వర్గములని పేరు. నావికులు, స్త్రీలు, దేవతలు, అసురులు, మృగములు, సర్పములు తక్కువ వర్గములలో చేరిరి. వీనిలో చిన్న అంకెయే పెద్దదగుచు, వరుస తలక్రిందులగును. సేనయు ధనమును గలవాడు దేవేంద్రునకు ముందు నిలిచెనన్నమాట!

అక్బరు ఈ ఆటను మార్పించెను. ఆ కూర్పులో దేవతలును సర్పములును కానరారు. కిరీటము, ఖడ్గము, బంగారు నాణెము, వెండి నాణెము, వీణ, దస్తావేజు, సరకు, బానిస అను ఎనిమిది వర్గములతో 96 చీట్ల ఆట వ్యాపించినది. రాజ్యములోని శాఖలే వర్గములైనవి. ధనశాఖలో లోహము కరగించువాడు, తూచువాడు, నాణెము ముద్రించువాడు మొదలగు పది వృత్తులవారు గలరు. దస్తావేజు శాఖలో కాగితము చేయువాడు, గీతలు గీయువాడు, దఫ్తరులో పద్దువ్రాయు గుమస్తా, పుస్తకము కుట్టువాడు గలరు. జీవితమంతయు పద్దులు వ్రాసిన మావంటివారికి, చక్రవర్తి చీట్లలో గుమస్తాకును చోటు దొరకెనని సంతోషము కలుగును.

కాని సరకుల వర్గమును చూడుడు. రాజు కొలువుతీరి పట్టును, పట్టువస్త్రములను చూచుచుండును. మంత్రి ప్రక్కన కూర్చుండి లెక్కలు విచారించును. తక్కిన పది చీట్లమీద నేతగాడు లేడు. బరువులు మోయు పశువులున్నవి! నాణెము కొట్టినవానికి చీటి దొరకెను, బట్ట నేసినవానికి దొరకలేదు. ఇది ద్వేషముచేత జరిగినదని మేమనము. కూర్చినవారి కంటికి బట్ట కనబడినది. దాని వెనుకనున్న మనిషి కనబడలేదు.

ఇదే ఆట హిందువుల యిండ్లకు వచ్చి దశావతార గంజీఫా యయ్యెను. పది వర్గములు, 120 చీట్లు. బానిసల వర్గము పోయినది. అడవి మృగమని తక్కువ వర్గమున నుంచబడిన జాతులు ఇచట రాజులైనవి: మత్స్యము, కూర్మము, వరాహము శ్రీరామునితో సమానముగా తమతమ వర్గములను ఏలును. పొట్టివాడైన వామనుడును రాజే. ఒరిస్సావారు బుద్ధునకు మారుగా జగన్నాథుని నిలిపిరి. మైసూరున మూడవ కృష్ణరాజ ఒడయరు, వందలకొలది చీట్లు గల క్రొత్త ఆటలను సైతము కల్పించెను. మన నిర్మలలోని నకాషీ చిత్రకారులును గంజీఫా వ్రాసినవారే. మనమిప్పుడున్న మహారాష్ట్రమున సావంతవాడి సంస్థానము దీనికి ప్రసిద్ధి. అంతరించుచున్న ఆ విద్యను అచ్చటి భోంస్లే రాజదంపతులు 1970ల దశకమున మరల నిలువబెట్టిరి.

ఇట్టి మార్పే నేడు అమెరికాదేశపు ఆటలో జరిగినది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను ఆటను ప్రకటించిరి. ఆడువారు ఒక్కొక్కరు ఒక పాత్రను ధరించి కథ నడుపుదురు. పాత్రకు ఒక జాతి, ఒక వృత్తి యుండును. మొదటి కూర్పులో మరుగుజ్జు జాతివాడు యోధుడే కావలెను. అదియు ఆరవ మెట్టు దాటి పోరాదు. మానవునకు అట్టి హద్దు లేదు. 2000లో వచ్చిన మూడవ కూర్పున ఈ కట్టుబాట్లు తొలగించిరి. 2024 కూర్పులో రేస్ అను మాటనే విడిచి స్పీసీస్ అను మాటను గ్రహించిరి. అంతకుముందు పుట్టుకనుబట్టి వచ్చుచుండిన బలము, బుద్ధి మొదలగువాని హెచ్చింపులు, ఇప్పుడు పాత్ర పెరిగిన నేపథ్యమునుబట్టి, నేర్చిన పనినిబట్టి వచ్చును. ఐనను మరుగుజ్జునకు చీకటిలో చూపు, విషమును తట్టుకొను శక్తి వంటి జాతిగుణములు నిలిచియున్నవి. దీనివలన ఆట రుచి చెడినదని కొందరును, న్యాయము జరిగినదని కొందరును వాదించుకొనుచున్నారు.

ధామన్కర్ నాకా చుట్టుప్రక్కల స్థిరపడిన మనకు ఈ వాదము పరాయిది కాదు. మనవారిలో పెక్కుమంది కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి మగ్గము విడిచి వచ్చి సాంచాలు పట్టినవారు. మార్కండేయుని వంశమనియు, భావనారాయణ ఋషి సంతతి యనియు పద్మశాలీలు చెప్పుకొందురు. ఆ కథ మన గౌరవము. కాని సాలెవాని కొడుకు సాంచాయే నడుపవలెననుట, మరుగుజ్జు ఆరవ మెట్టు దాటరాదనుటవంటిదే. మొదటిది జాతిగుణము, రెండవది గీచిన హద్దు. హద్దును చెరుపవచ్చును, కథను చెరుపనక్కరలేదు. ఈ రెంటికిని గల భేదము తెలియక కొందరు పెద్దలు హద్దును పట్టుకొనిరి. కొందరు పిల్లలు కథనే విడిచి, ఇంట తెలుగు మాటాడుటకును సిగ్గుపడుచున్నారు. రెండును నష్టమే.

కావున మన సంఘమువారికి ఒక సూచన. రాబోవు ఉత్సవమున మన పిల్లలచేత సరకుల వర్గమును మరల వ్రాయింపుడు. రాజును మంత్రిని ఉండనిండు. పశువులకు మారుగా ఈ పదిమందిని నిలుపుడు: నూలు తోడువాడు, పడుగు పోయువాడు, గంజి పెట్టువాడు, అచ్చు నింపువాడు, తెగిన పోగు అతుకువాడు, కండెలు చుట్టు ఆడుబిడ్డ, సాంచా నడుపువాడు, దానిని బాగుచేయు జాబరు, మూటలు మోయు హమాలీ, లెక్కవ్రాయు మెహతాజీ. నాలుగు వందల యేండ్లకు పైగా ఖాళీగానున్న చోటది. చీట్లకు కావలసిన గుడ్డ మన ఊరిలో కొరవ లేదు.