ఏడేళ్ళ ఆయుష్షు

1974లో హార్లెమ్ ప్రెప్ అనే హైస్కూలును న్యూయార్క్ నగర విద్యామండలి తన కిందికి తీసుకుంది. పైపైన చూస్తే శుభవార్తే. ఏటేటా చందాల కోసం చెయ్యి చాచే బడికి సర్కారు నీడ దొరికింది. నా లెక్కలో మాత్రం ఆ బడి ఆయుష్షు ఆ ఏడాదితోనే తీరింది.

పుట్టింది 1967 అక్టోబరులో. అంతకు మూడేళ్ళ ముందు, పదిహేనేళ్ళ నల్లజాతి కుర్రాణ్ణి ఒక పోలీసు అధికారి కాల్చి చంపితే న్యూయార్క్‌లోని నల్లజాతివాళ్ళ పేట హార్లెమ్ భగ్గుమంది. హైస్కూలు చదువు సగంలో వదిలేసి వీధుల్లో తిరిగే కుర్రకారు అక్కడ ఏ సందులో చూసినా కనిపించేవారు. నల్లజాతివాళ్ళ కోసం పనిచేసే న్యూయార్క్ అర్బన్ లీగ్ కార్యకర్తలు వాళ్ళ వెంటే తిరిగి, స్నేహం చేసి, ఖాళీ దుకాణాల్లో ‘వీధి అకాడమీలు’ తెరిచి, మళ్ళీ పుస్తకం పట్టించారు. ఆ దారిలో చివరి మెట్టు హార్లెమ్ ప్రెప్. ఫీజు లేదు. కాలేజీలో సీటు ఖాయమయ్యాకే పట్టా.

మొదట ఒక సైనిక ఆయుధాగారం భవనంలో సర్దుకున్నారు. కొన్ని నెలలకే ఎనిమిదో అవెన్యూ మీద మూతబడ్డ సూపర్‌మార్కెట్‌కు మారారు. సరుకుల అరలు తీసేసిన ఆ పెద్ద హాల్లో తరగతికో గది కట్టలేదు. నల్లబల్లలే అడ్డు. ఒక మూల లెక్కలు జరుగుతుంటే పక్కనే ఆఫ్రికా చరిత్ర వినపడేది. చెవి ఎటు లాగితే మనసు అటు పోయేది. హెడ్మాస్టరు ఎడ్వర్డ్ కార్పెంటర్, ఆయన భార్య ఆన్ ఆ గోలకు జడిసినవాళ్ళు కారు. రూత్ డౌడ్ అనే కాథలిక్ సన్యాసిని పాఠాలు చెప్పిన బడిలో ముస్లిం పిల్లలున్నారు, బ్లాక్ పాంథర్లనే నల్లజాతి విప్లవకారుల మాటలు తలకెక్కినవాళ్ళున్నారు, ఏ జెండా పట్టనివాళ్ళూ ఉన్నారు. ఇందులో చదువేం సాగుతుందని బెత్తం పట్టిన మాస్టార్లకు అనుమానం రావచ్చు. సాగింది. చదువుకు పనికిరారని వేరేచోట తేల్చేసిన పిల్లల్లో వందలమంది ఈ హాల్లోంచే కాలేజీలకు వెళ్ళారు.

మరి డబ్బు? కార్నెగీ ఇచ్చింది, ఫోర్డ్ ఫౌండేషన్ ఇచ్చింది, స్టాండర్డ్ ఆయిల్ ఇచ్చింది. బడి తెరిచిన ఏడాది వేసవిలోనే నల్లజాతి పేటల అల్లర్లలో నెవార్క్, డెట్రాయిట్ నగరాలు తగలబడ్డాయి. దాతల్లో దయ లేదనను. కానీ ఆ రోజుల్లో చాలా చెక్కుల మీద సంతకం పెట్టించింది భయమేనని నా నమ్మకం. నగరాలు చల్లబడ్డాయి, భయం తగ్గింది, రాబడీ తగ్గింది. పైగా ఫౌండేషన్ల తీరే అంత: నారు పోయడానికి ఇస్తాయి, ఏటా నీరు పెట్టడానికి ఇవ్వవు. డెబ్బయ్యో దశకం మొదలయ్యేసరికి కార్పెంటర్ బతుకంతా విన్నపాలైపోయింది. పిల్లలు మాత్రం వస్తూనే ఉన్నారు. బడి ఓడిపోయి డబ్బు ఆగితే అదో సంగతి. ఇది నెగ్గుతూ నెగ్గుతూ ఎండిపోయింది.

విద్యామండలి తలుపు తట్టడం ఆ స్థితిలోనే. చర్చలు సాగీ సాగీ, చివరికి ఒప్పందం కుదిరింది. సర్కారు పద్దుతోపాటు సర్కారు నిబంధనలూ వచ్చాయి. పంతులుకు లైసెన్సు ఉండాలి. ఇక్కడి పంతుళ్ళలో కొందరికి అది లేదు. పిల్లాడు మూడు రోజులు రాకపోతే ఏ వీధి మలుపులో వెతకాలో వాళ్ళకు తెలుసు, అందుకే వాళ్ళను పెట్టుకున్నారు. ఆ తెలివికి అర్హతల పట్టికలో గడి లేదు. మండలి వాళ్ళను దుర్మార్గులనడానికి కూడా వీల్లేదు, పట్టిక ప్రకారమే నడుచుకున్నారు. తొలినాటి సిబ్బంది చెదిరిపోయారు. కార్పెంటర్ కూడా వెళ్ళిపోయారు. ఆయన లేని హార్లెమ్ ప్రెప్ ఆ తర్వాత నగరపు జాబితాలో మరో హైస్కూలుగా నడిచింది.